గోకర్ణ దాకా నడిచి వెళ్దామని... ఇద్దరం, రెండు బ్యాగులు, తొమ్మిది రోజులు

కొబ్బరితోట | సెప్టెంబర్ 21

అందరికీ నమస్తే. మాకు పెళ్లయి ఏడాదిన్నర. ఇద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. నాది కోనసీమ, మా ఆయనది సిద్దిపేట దగ్గర పల్లె. నేను రాత్రిపూట సముద్రం హోరు వింటూ పెరిగాను. ఆయన ఇంజనీరింగ్ అయ్యాక మొదటిసారి సముద్రం చూశాడు. నా చిన్నప్పటి సముద్రంలో సూర్యుడు పైకొస్తాడు. పడమటి సముద్రంలో మునిగిపోవడం ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూడాలని నా కోరిక.

అక్టోబర్ 31న బయల్దేరి తొమ్మిది రోజుల్లో తిరిగి రావాలి. కార్తీక పౌర్ణమికి కర్ణాటక తీరంలోని గోకర్ణలో ఉండాలి. సూట్‌కేసులు, టాక్సీలు వద్దనుకున్నాం. చెరొక బ్యాక్‌ప్యాక్, రైలు, బస్సు, మిగతాది నడక.

అనుకున్న ఊళ్లు ఇవి: మంగళూరు, కాపు, ఉడుపి, మల్పె, సెయింట్ మేరీస్ దీవి, మరవంతె, కొల్లూరు, మురుడేశ్వర్, నేత్రాణి దీవిలో స్కూబా డైవింగ్, హొన్నావర, జోగ్ జలపాతం, యాణ, కుమటా నుంచి గోకర్ణకు సముద్రం వెంబడి నడక, కార్వార్, వీలైతే గోవా. ఎక్కువైందా? టెంట్ కొనాలా? మా ఆయనకు ఈత రాదు, అదొక టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

కరావళి_కబుర్లు | సెప్టెంబర్ 21

మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా ఉడుపి పక్కనే ఉంటున్నాను. మీ లిస్టు చూసి చెబుతున్నాను, సగం కొట్టేయండి. పటంలో మంగళూరు, గోకర్ణ దగ్గరగానే కనిపిస్తాయి. కానీ జోగ్, యాణ, కొల్లూరు అన్నీ కొండల వైపు. ఒక్కోదానికి ఒక్కో రోజు పోతుంది. గోవా అసలే వేరే ప్రయాణం, దాన్ని తీసేయండి.

రైలు విషయం. కాచిగూడ నుంచి వారానికి రెండు రోజులు మంగళూరు రైలు ఉంది. ఇప్పుడు దాన్ని మురుడేశ్వర్ దాకా పొడిగించారు. కడప, కోయంబత్తూరు, పాలక్కాడ్, కోళికోడ్ మీదుగా చుట్టూ తిరిగి వస్తుంది. పొద్దున కాచిగూడలో ఎక్కితే మర్నాడు పొద్దున మంగళూరు. దూరమే, కానీ కోళికోడ్ దాటాక తెల్లవారుతుంటే కిటికీలోంచి కొబ్బరితోటలు, నీళ్లు చూడొచ్చు. నేను ప్రతిసారీ అందుకే ఆ రైల్లో వస్తాను.

మంగళూరు నుంచి పైకి కొంకణ్ రైలు మార్గం. మంగళూరు, మడ్గావ్ మధ్య ప్యాసింజర్ ఉడుపి, కుందాపుర, భట్కళ్, మురుడేశ్వర్, హొన్నావర, కుమటా, గోకర్ణ రోడ్ అన్నింటిలో ఆగుతుంది. టికెట్ చాలా చవక, రిజర్వేషన్ గొడవ లేదు. హొన్నావర దగ్గర శరావతి మీద రైలు వంతెన రెండు కిలోమీటర్లు దాటి ఉంటుంది, ఆ మార్గం మొత్తంలో పొడవైనది అదే. అది వచ్చేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి తలుపు దగ్గరకు వెళ్లండి. కడ్డీ మాత్రం గట్టిగా పట్టుకోండి.

బస్సుల మీద బోర్డులు కన్నడలో ఉంటాయని భయపడకండి. క, త, శ లాంటి నాలుగైదు అక్షరాలు పట్టుకుంటే మిగతావి మనవాళ్లు గడగడా చదివేస్తారు. అక్కడి ప్రభుత్వ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదని విని ఉంటారు. అది కర్ణాటక చిరునామా ఉన్నవాళ్లకే, మీరు కొనాల్సిందే. ఉడుపి, కుందాపుర వైపు ఎక్కువగా ప్రైవేటు బస్సులే, ఐదు పది నిమిషాలకొకటి దొరుకుతుంది.

రెండు_జతల_చెప్పులు | సెప్టెంబర్ 22

మా ఇద్దరికీ యాభై దాటాయి. రెండేళ్ల కిందట కుమటా, గోకర్ణ నడిచాం. టెంట్ కొనకండి. ఆ బరువు మోస్తే నడకలో ఆనందం పోతుంది. బీచ్‌ల మీద టెంట్ వేసుకోనివ్వని చోట్లు కూడా ఉన్నాయి. దారి పొడవునా పల్లెల్లో ఇళ్లల్లో గదులు ఇస్తారు, చేపల పులుసో సాంబారో అన్నమో ఏదో ఒకటి పెడతారు.

బ్యాగు ఒక్కోటి ఆరేడు కిలోలు దాటనివ్వకండి. ఇంట్లో సర్దాక భుజానికేసుకుని మేడ మెట్లు మూడుసార్లు ఎక్కి దిగండి. ఏం తీసేయాలో మీకే తెలుస్తుంది. మేము మొదటిరోజే ఒక జత బూట్లు, రెండు తువ్వాళ్లు, ఒక జీన్స్ ప్యాంటు కుమటా నుంచి ఇంటికి పార్సిల్ చేశాం. జీన్స్ అసలు వద్దు. ఒకసారి తడిస్తే ఆ ఉప్పుగాలిలో రెండు రోజులైనా ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి. లుంగీ ఒకటి చాలు, దుప్పటీ అదే, తువ్వాలూ అదే, గుడికి పంచె కూడా అదే.

దారి ఇది: కుమటాలో వన్నళ్లి నుంచి మొదలుపెట్టి కడ్లె, బాడ, నిర్వాణ, తర్వాత అఘనాశిని ఊరు. అక్కడ నది దాటితే తదడి. తదడి నుంచి బేలేకాన్, పారడైజ్, హాఫ్ మూన్, ఓం, కుడ్లె, చివరికి గోకర్ణ. రెండు రోజులు పెట్టుకుంటే హాయిగా నడవొచ్చు. ఒక్క రోజులో పరుగెత్తేవాళ్లూ ఉన్నారు, వాళ్ల దారి వాళ్లది.

భీమిలి_కెరటం | సెప్టెంబర్ 22

ఈత రాదన్న మాట చూసి రాస్తున్నాను. మాది భీమిలి, ఊహ తెలిసినప్పటి నుంచి సముద్రంలో ఉన్నదాన్ని. దయచేసి పూర్తిగా చదవండి.

అలలు విరగకుండా నీరు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపించే పాయ ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లు అదే మంచి చోటనుకుని దిగుతారు. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే, రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదకూడదు, ఎంత బలమున్నవాడైనా అలిసిపోతాడు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ పాయ దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటొద్దు. అల మీకు వీపు చూపించదు, మీరూ దానికి వీపు చూపించొద్దు.

మురుడేశ్వర్‌లో 2024 డిసెంబర్‌లో విహారయాత్రకు వచ్చిన నలుగురు ఆడపిల్లలు కొట్టుకుపోయారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సముద్రాన్ని ప్రేమించేదాన్ని కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకోటి. మీరు వెళ్లేది పౌర్ణమి రోజులు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటుకు నీరు ఎక్కువ పైకి ఎక్కుతుంది, పాటుకు ఎక్కువ వెనక్కి తీస్తుంది. ఆ దారిలో కొన్నిచోట్ల కొండ నేరుగా నీళ్లలోకి దిగుతుంది, పాటు ఉన్నప్పుడే రాళ్ల మీదుగా దాటగలరు. పోటు వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కార్వార్ పోటుపాట్ల పట్టిక ఫోన్లో చూసుకుని ఆ ప్రకారం నడవండి. అంతకంటే మేలు, ముందురోజు సాయంత్రం ఒక జాలరిని అడగండి.

విశ్రాంత_టీచర్ | సెప్టెంబర్ 24

అమ్మాయీ, నీ పోస్టు చదివి మనసు ఎటో వెళ్లిపోయింది. మేమిద్దరం 1991లో గోకర్ణం వెళ్లాం. అప్పటికి కొంకణ్ రైలు లేదు. అది పూర్తిగా మొదలైంది 1998లో. హుబ్బళ్లి నుంచి బస్సు, ఘాట్ రోడ్డు, మలుపు మలుపుకీ నాకు వాంతులు. మా వారు నిమ్మకాయ కోసి నా ముక్కు దగ్గర పట్టుకుని కూర్చున్నారు దారంతా. ఇప్పుడు ఆయన లేరు. గోకర్ణం అంటే నాకు సముద్రం కంటే ముందు ఆ నిమ్మకాయ వాసనే గుర్తొస్తుంది.

కథ మీకు తెలిసిందే. రావణుడు ఆత్మలింగం పట్టుకెళ్తుంటే సంధ్య వేళ వినాయకుడు పిల్లవాడి రూపంలో వచ్చి దాన్ని నేల మీద పెట్టేశాడు. రావణుడు పెకలించబోయి దాని పెట్టె, మూత, తాడు, గుడ్డ విసిరితే అవి పడ్డ చోట్లే మురుడేశ్వర్, ధారేశ్వర్, గుణవంతె, సజ్జేశ్వర్ అంటారు. అందుకే గోకర్ణంలో ముందు మహాగణపతి దర్శనం, తర్వాతే మహాబలేశ్వరుడు. మగవాళ్లు చొక్కా తీసి పంచెతో వెళ్లాలి. ఆడవాళ్లకు చీరో చుడీదారో. అక్కడ లింగాన్ని చేత్తో తాకనిస్తారు. వేలు పెడితే లోపల చల్లగా, గరుకుగా తగులుతుంది. తొందరపడి రావద్దు. కార్తీక పౌర్ణమికి జనం ఉంటారు, గది ముందే చూసుకో తల్లీ.

నల్లమల_బాట | సెప్టెంబర్ 25

నాది వేరే అభిప్రాయం. గోకర్ణ ఇప్పుడు పదేళ్ల కిందటి గోకర్ణ కాదు. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి బస్సులకు బస్సులు దిగుతాయి. ఓం బీచ్‌లో రాళ్ల మీద సీసా పెంకులు ఏరి వచ్చాను నేను. మొదటిసారి నడిచేవాళ్లు, అందులో ఒకరికి ఈత రాదు, గైడ్ లేకుండా వెళ్లడం సరి కాదని నా ఉద్దేశం.

రెండు_జతల_చెప్పులు | సెప్టెంబర్ 25

నల్లమల గారూ, చెత్త విషయంలో మీ బాధ నాదీ. మేమూ ఒక సంచి నింపుకొచ్చాం. గైడ్ విషయంలో మాత్రం ఒప్పుకోను. అడవిలో దారి తప్పుతాం, అక్కడ గైడ్ కావాలి. ఇక్కడ ఎడమ చేతి వైపు ఎప్పుడూ సముద్రమే. గంట నడిస్తే ఒక పల్లె తగులుతుంది. చీకటి పడ్డాక కొండ అంచుల మీద నడవకపోవడం, అనుమానం వస్తే వెనక్కి తిరగడం, ఈ రెండూ పాటిస్తే చాలు.

నల్లమల_బాట | సెప్టెంబర్ 26

ఆ వెనక్కి తిరగడమే చాలామందికి చేతకాదు సార్. సరే, వాళ్లు జాగ్రత్త మనుషుల్లా ఉన్నారు. రోజూ రాత్రికి ఇక్కడ ఒక మాట రాస్తూ ఉండమనండి.

కొబ్బరితోట | అక్టోబర్ 12

అందరికీ కృతజ్ఞతలు. టీచర్ గారూ, మీ నిమ్మకాయ సంగతి ఆయనకు చదివి వినిపించాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

గోవా, కార్వార్, జోగ్, యాణ, కొల్లూరు, నేత్రాణి తీసేశాం. ఉడుపి, మరవంతె, మురుడేశ్వర్, కుమటా, గోకర్ణ. అంతే. టెంట్ లేదు. మేడ మెట్లు ఎక్కి దిగాం, నా బ్యాగులోంచి హెయిర్ డ్రయ్యర్, ఆయన బ్యాగులోంచి ల్యాప్‌టాప్ బయటికొచ్చాయి.

కరావళి_కబుర్లు | అక్టోబర్ 12

చాలా మంచి పని చేశారు. ఉడుపిలో మఠంలో మధ్యాహ్నం భోజనం చేయండి. కృష్ణుణ్ని కిటికీ రంధ్రాల్లోంచి చూడాలి, ఒక్కో రంధ్రం దగ్గర ఒక్కో క్షణం ఆగండి. మల్పె నుంచి సెయింట్ మేరీస్‌కు పడవలు వానాకాలం నాలుగు నెలలు ఉండవు, మీరు వెళ్లేసరికి తిరుగుతాయి. ఆ దీవిలో రాళ్లు ఎవరో చెక్కి నిలబెట్టిన స్తంభాల్లా ఉంటాయి. దాదాపు 8.8 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్, మన నేల విడిపోయేటప్పుడు పొంగిన లావా చల్లారుతూ అలా ఆరు పలకలుగా పగిలింది. కాళ్లకు పాత చెప్పులు వేసుకోండి, గవ్వల ముక్కలు కోస్తాయి.

తిండి: పొద్దున బన్స్, అంటే అరటిపండు కలిపిన తియ్యటి పూరీ. సాయంత్రం గోళిబజె, అంటే మైదా, పెరుగు కలిపిన బోండా. నీర్ దోసె, అంటే పలచటి బియ్యపు దోసె, ఎక్కడ దొరికినా వదలకండి.

కొబ్బరితోట | నవంబర్ 2, రాత్రి

ఉడుపి నుంచి. నిన్న ఒక ఊళ్లో ఫోన్లో ఖాయం చేసుకున్న గది దగ్గరికి వెళ్తే, ఇద్దరి ఆధార్‌లలో చిరునామాలు వేరు, ఇంటిపేర్లు వేరు అని గది ఇవ్వనన్నారు. అడ్వాన్సు కూడా తిరిగి ఇవ్వలేదు. భుజాన బ్యాగులు, చెమట, రాత్రి ఎనిమిదిన్నర. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు వీధుల అవతల ఇంకో లాడ్జిలో ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత రిజిస్టరు తీశారు. కొత్త జంటలు పెళ్లి సర్టిఫికెట్ ఫొటో ఒకటి ఫోన్లో పెట్టుకోండి. ఉండాల్సిన అవసరం లేకపోయినా పెట్టుకోండి.

ఈ రోజు మల్పె, దీవి చూశాం. ఆయన స్తంభాల మీద చెయ్యేసి "ఇవి తేనెపట్టు గదుల్లా ఉన్నాయి" అన్నాడు. రేపు మరవంతె మీదుగా మురుడేశ్వర్.

కొబ్బరితోట | నవంబర్ 3, రాత్రి

మరవంతెలో ఒక పక్క సముద్రం, ఒక పక్క సౌపర్ణిక నది, మధ్యలో హైవే. బస్సు దిగి రోడ్డు మధ్య నిలబడి తల ఇటు తిప్పితే అలల చప్పుడు, అటు తిప్పితే కొబ్బరి చెట్ల నీడ కదలని నీళ్లలో. ఇంత దగ్గరికి వచ్చి కూడా ఆ నది ఇక్కడ సముద్రంలో కలవదు. పక్కనే వెళ్లి గంగొళ్లి దగ్గర మరికొన్ని నదులతో చేరి అప్పుడు కలుస్తుంది. లారీలు దడదడలాడిస్తూ పోతాయి, రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త.

మురుడేశ్వర్‌లో శివుడి విగ్రహం 123 అడుగులు, గోపురం 20 అంతస్తులు, లిఫ్టులో పైకి తీసుకెళ్లారు. అక్కడి నుంచి సముద్రంలోకి దూసుకెళ్లిన గుట్ట, పడవలు బాగా కనిపించాయి. కింద జనం ఎక్కువ. నీళ్లలో పాదాలు తడిపి వచ్చేశాం, కెరటం గారూ. రేపటి నుంచి నడక.

కొబ్బరితోట | నవంబర్ 4, రాత్రి

బాగున్నాం. బాడ దాటాం. ఒక పొరపాటు చేశాం. వివరంగా తర్వాత రాస్తాను.

భీమిలి_కెరటం | నవంబర్ 4

బాగున్నాం అన్న మాట ముందు రాసినందుకు థ్యాంక్స్ చెల్లీ.

కొబ్బరితోట | నవంబర్ 12

నిన్ననే బట్టలన్నీ ఉతికి ఆరేశాను. ఇంకా బ్యాగు అడుగున ఇసుక ఉంది. వివరంగా రాస్తున్నాను.

నాలుగో తారీఖు కుమటాలో తెల్లవారుతుండగా మొదలుపెట్టాం. పొదల మీద మంచు, ఎర్రటి రాతి దిమ్మెలు, వాటి సందుల్లో ఎండుగడ్డి. ఆ ఎర్రరాయి అరిగిన ఇటుకలా రంధ్రాలు రంధ్రాలుగా ఉంటుంది. చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ అంచున కాలు పెడితే గులకలుగా రాలిపోతుంది. ఒక దిమ్మె ఎక్కితే కింద బీచ్, దిగి దాటితే మళ్లీ దిమ్మె. కడ్లెలో ఒడ్డున గుడి, ఎవరూ లేని ఇసుక, మా నాలుగు అడుగుల గుర్తులు. కూర్చుని అటుకులు, అరటిపండ్లు తిన్నాం.

పొరపాటు అక్కడే జరిగింది. ఫొటోలు తీసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ గంటన్నర కూర్చుండిపోయాం. పోటు వేళ పొద్దున్నే రాసుకున్నాం, చేతిలోనే ఉంది, చూడలేదు. బాడ ముందు ఒక చోట కొండ కింద రాళ్ల మీదుగా దారి. సగం దూరం వెళ్లేసరికి ముందున్న రాళ్ల మధ్యకు నీళ్లు వచ్చేశాయి. వెనక్కి తిరిగి చూస్తే మేము ఎక్కి వచ్చిన మొదటి రాయి మీద అల విరుగుతోంది. ఆయన ముఖం పాలిపోయింది. నాకు ఈత వచ్చు. కానీ ఆ రాళ్ల మధ్య ఈత ఎందుకూ పనికిరాదని ఆ క్షణంలో అర్థమైంది.

పైన పొదలు పట్టుకుని ఎక్కడానికి ఒక సందు కనిపించింది. ముందు బ్యాగులు విప్పి పైకి విసిరాను. ఒకటి ఆగింది, ఇంకోటి దొర్లి నీళ్లలో పడింది. దాన్ని తీయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని "బట్టలే కదా, వదిలెయ్" అన్నాడు. పెద్దగా అరవలేదు, మామూలుగా అన్నాడు. నేను వదిలేశాను. చేతులు గీసుకుపోయి ఇద్దరం పైకొచ్చి గట్టు మీద చాలాసేపు ఊపిరి పీల్చుకుంటూ పడుకున్నాం. నల్లమల గారూ, మీరన్న మాట సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. ఆ రాళ్ల మొదట్లోనే వెనక్కి తిరిగి ఉండాల్సింది.

మధ్యాహ్నం మూడు దాటాక నీళ్లు తీశాయి. బ్యాగు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని దొరికింది. ఒక జాలరి తాత మా వెంట దిగి తీసిచ్చాడు. ఏదో డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. వాళ్ల ఇంటికి తీసుకెళ్లి కోకం అనే పుల్లటి పండు నీళ్లు ఇచ్చాడు, ఉప్పు, బెల్లం, జీలకర్ర వేసినవి. నాకు వచ్చిన కన్నడం "ఎష్టు" (ఎంత), "ఎల్లి" (ఎక్కడ) అంతే. తాత చెయ్యి పైకెత్తి చంద్రుణ్ని చూపించి, సముద్రాన్ని చూపించి, పొట్ట దాకా నీళ్లొస్తాయన్నట్టు సైగ చేశాడు. అర్థమైందన్నాం. ఆ రాత్రి అదే వీధిలో ఒక ఇంట్లో గది తీసుకున్నాం. బ్యాగులోని బట్టలన్నీ వాళ్ల దండెం మీద ఆరాయి.

ఐదో తారీఖు. కెరటం గారి మాట ప్రకారం వేళ చూసుకుని, దిమ్మెల మీది దారినే నడిచి అఘనాశిని ఊరు చేరాం. నేను అసలు రాయాలనుకున్నది ఈ చోటు గురించి.

మా ఊళ్లో నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అఘనాశిని మొగ చూడగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది. తేడా ఏంటంటే ఈ నదికి సిర్సి దగ్గర పుట్టిన చోటు నుంచి ఇక్కడి దాకా ఒక్క ఆనకట్ట లేదు. కొండల మట్టి, తీపి నీరు అడ్డు లేకుండా వస్తాయి, పోటుకు ఉప్పు నీరు ఎదురెళ్తుంది. రెండూ కలిసే చోట మడ అడవులు, బురద దిబ్బలు. 2024లో ఈ మొగను రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు.

సాయంత్రం పాటు తీసింది. పదిమంది దాకా ఆడవాళ్లు, మగవాళ్లు తొడల లోతు నీళ్లలో వంగి నిలబడి ఉన్నారు. కాళ్లతో బురదను తడుముతూ, చేయి కిందికి పెట్టి గుల్లలు తీసి నడుముకు కట్టిన బుట్టలో వేస్తున్నారు. అక్కడివాళ్లు వాటిని బెళచు అంటారు. ఒకావిడ బుట్ట ఎత్తి మాకు చూపించింది. గోధుమ రంగు గీతలున్న పెంకులు, బొటనవేలంత నుంచి అరచేతిలో సగమంత దాకా. చిన్నవి ఏరి మళ్లీ నీళ్లలో పడేస్తోంది. ఎందుకని సైగ చేస్తే వేళ్లు దగ్గర పెట్టి, మెల్లగా దూరం జరిపి చూపించింది. పెరగనివ్వాలట.

గట్టున వరి చేలు. ఉప్పు నీటిని తట్టుకునే కగ్గ అనే రకమట, కోత అయిపోయి మోళ్లు నీళ్లలో నిలబడి ఉన్నాయి. మా నాన్న పొలం పక్కవాళ్లు చెరువులు తవ్వి ఉప్పునీళ్లు పెట్టాక మా రెండెకరాలు చౌడు తేలింది. ఉప్పు నీళ్లలో వరి పండుతుందని నాకు తెలియదు. ఆ గట్టు మీద నిలబడి నాన్నకు వీడియో కాల్ చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "విత్తనం ఎక్కడ దొరుకుద్దో అడగవే" అన్నాడు.

రేవులో తదడి వెళ్లే పడవ ఎక్కాం. మా దగ్గర పంటు అంటామే, అలాంటిదే చిన్నది. రెండు మోటారు సైకిళ్లు, చేపల గంపలు, బడి సంచులతో పిల్లలు, మేము. ఇంజన్ వేడికి కాళ్లు కాలుతున్నాయి. నది మధ్యలోకి వచ్చేసరికి ఎడమ వైపు సూర్యుడు నీళ్ల మీదికి దిగాడు, కుడి వైపు కొండల వెనక పౌర్ణమి చంద్రుడు పైకొస్తున్నాడు. ఆయన అటూ ఇటూ తల తిప్పి చూస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. అవతలి రేవు దాకా వదల్లేదు. నేను అడిగిన సూర్యాస్తమయం అదే. బీచ్‌లో కూర్చుని చూస్తాననుకున్నాను, పడవలో చేపల గంపల మధ్య చూశాను.

చీకటి పడింది కాబట్టి కొండ దారి వద్దనుకుని తదడి నుంచి ఆటోలో గోకర్ణ వెళ్లాం. రాత్రి గుడి వీధి దీపాలతో నిండిపోయింది. మహాగణపతి దగ్గర ముందు మొక్కి, మహాబలేశ్వరుణ్ని చూశాం. టీచర్ గారూ, మీరు చెప్పినట్టే చల్లగా, గరుకుగా తగిలింది. మీ వారి పేరు తెలియదు కానీ మీ ఇద్దరి కోసం ఒక దీపం కోటితీర్థం కోనేటి మెట్ల మీద పెట్టాను.

మిగిలిన బీచ్‌లు మర్నాడు వెనక్కి నడిచి చూశాం. కుడ్లె నుంచి ఓం, ఓం నుంచి హాఫ్ మూన్‌కు ఓ అరగంట, అక్కడి నుంచి పారడైజ్‌కు ఇంకో అరగంట. ఓం బీచ్ పైనుంచి చూస్తే నిజంగానే ఓంకారంలా ఉంటుంది. వారం మధ్యలో కాబట్టి జనం పలచగా ఉన్నారు. నల్లమల గారూ, మేమూ ఒక సంచి నింపాం.

వచ్చేటప్పుడు హుబ్బళ్లి దాకా బస్సు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆయన జేబులోంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టాడు. గోకర్ణ సంతలో కొన్నాడట, నాకు చెప్పలేదు.

విశ్రాంత_టీచర్ | నవంబర్ 12

చదివాను తల్లీ. మళ్లీ చదువుతాను. ఆయన పేరు నీకు మెసేజ్‌లో పంపాను.

భీమిలి_కెరటం | నవంబర్ 13

బ్యాగు వదిలెయ్ అన్న మీ ఆయనకు నా నమస్కారం. ఈతగాళ్లు కూడా చెప్పు కోసమో, బంతి కోసమో వెనక్కి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఆయన్ని భీమిలి తీసుకురండి, రెండు వారాల్లో ఈత నేర్పే పూచీ నాది.

నల్లమల_బాట | నవంబర్ 13

పొరపాటు దాచకుండా రాశారు చూడండి, తర్వాత వెళ్లేవాళ్లకు అదే పెద్ద ఉపకారం. పొదలు పట్టుకుని ఎక్కిన చోటు బాడకు ఎంత ముందో గుర్తుంటే రాయండి.

కొబ్బరితోట | నవంబర్ 13

కడ్లె నుంచి రెండో దిమ్మె దిగాక, బాడ ఇళ్లు కనిపించడం మొదలయ్యే ముందు. కిందికి ఒక కాలిబాట, పైకి ఒక కాలిబాట చీలుతాయి. పోటు టైమైతే పైదే పట్టుకోండి.

దూరపు_గాలి | నవంబర్ 15

డల్లాస్ నుంచి. ఫిబ్రవరిలో ఇండియా వస్తున్నాం, నేనూ మా ఆవిడా. ఇదే దారి నడవాలనుంది. అప్పుడు ఎండ ఎలా ఉంటుంది? తదడి పడవ సాయంత్రం ఎంతవరకు తిరుగుతుంది?

కరావళి_కబుర్లు | నవంబర్ 15

ఫిబ్రవరిలో పొద్దున పది దాటితే దిమ్మెల మీద నీడ ఉండదు. ఆరింటికే బయల్దేరి, పదింటికి ఏ పల్లెలోనో ఆగి, మూడున్నరకు మళ్లీ నడవండి. ఇద్దరికీ కలిపి నాలుగు లీటర్ల నీళ్లు. పడవ వేళలు మారుతుంటాయి, ఆఖరి పడవ ఎప్పుడో పొద్దున్నే ఊళ్లో అడగండి, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఒక పూట మిగిలితే మిర్జాన్ కోట చూడండి, అదే నది మీద, కుమటా నుంచి బస్సు దొరుకుతుంది. మిరియాల రాణి అని పోర్చుగీసువాళ్లు పిలిచిన చెన్నభైరాదేవి కోట. ఎర్రరాతి గోడల మీద నాచు పచ్చగా ఉంటుంది.

కొబ్బరితోట | నవంబర్ 16

దూరపు గాలి గారూ, కగ్గ విత్తనం సంగతి నాన్న రోజూ అడుగుతున్నారు. మీరు వెళ్లినప్పుడు అఘనాశిని ఊళ్లో అడిగి ఒక గుప్పెడు తెస్తారా? పోస్టు ఖర్చు నేను పంపిస్తాను.